కుక్క తిండి మానేసినా, పిల్లి ఇసుక డబ్బా వదలకపోయినా: ముందు ఏం చూడాలి, ఎప్పుడు పరిగెత్తాలి

కుక్కకి ఒంట్లో బాగోలేదనిపిస్తే మన ఇళ్లలో ముందు జరిగేది ముక్కు ముట్టుకుని చూడటం. పొడిగా ఉంటే జ్వరమని తేల్చేస్తారు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ముక్కు కూడా నిద్ర లేచినప్పుడు పొడిగానే ఉంటుంది, అది జ్వరానికి గుర్తు కాదు. తర్వాత థర్మామీటర్ పెడతారు, 101.5 చూపిస్తుంది, కంగారుపడి పారాసిటమాల్ ముక్క పెరుగన్నంలో కలిపేస్తారు. కుక్కలకీ పిల్లులకీ 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా మామూలే. 103 దాటితే జ్వరం అనుకోండి. చంకలో పెడితే లెక్క సరిగా రాదు, డిజిటల్ థర్మామీటర్ కొసకి వాజిలిన్ రాసి మలద్వారంలో కొలవాలి.

థర్మామీటర్ లేకపోతే చిగుళ్లు చూడండి. పైపెదవి ఎత్తి, పంటి పైన చిగురుని బొటనవేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటుకి రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. కొన్ని కుక్కలకి చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, వాటికి కింది కనురెప్ప లోపలి భాగం చూడాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒకసారి చూసి పెట్టుకుంటే తేడా వచ్చిన రోజు వెంటనే పట్టేస్తారు. పాలిపోయి తెల్లగా ఉన్నా, పచ్చబడినా, నీలంగా మారినా ఈ కింద రాసింది చదువుతూ కూర్చోకండి, ఆసుపత్రికి బయల్దేరండి.

కుక్క అన్నం ముట్టడం లేదు

ముందు తేల్చుకోవాల్సింది తినలేకపోతోందా, తిననంటోందా అని. చికెన్ ముక్క చూపిస్తే లటుక్కున తినేసి, పెరుగన్నానికి మొహం తిప్పుకునే కుక్కకి జబ్బేమీ లేదు, మీరు చేసిన గారాబం ఉంది. గిన్నె పెట్టి పావుగంట చూసి తీసేయండి. మధ్యలో బిస్కెట్లు, చపాతీ ముక్కలు బంద్. పెద్ద కుక్క ఒక పూట తినకపోతే నష్టం లేదు. రెండు మూడు నెలల పిల్లలకీ, చిన్న జాతులకీ మాత్రం ఈ పట్టుదల పనికిరాదు, ఒంట్లో చక్కెర పడిపోయి మూర్ఛ వచ్చేస్తుంది.

గిన్నె దగ్గరకి వచ్చి వాసన చూసి, నోట్లో పెట్టుకుని వదిలేస్తుంటే పళ్లు చూడండి. విరిగిన పన్ను, వాచిన చిగురు, పళ్ల మధ్య అడ్డంగా ఇరుక్కున్న ఎముక ముక్క కనబడొచ్చు.

మన ప్రాంతంలో అసలు అనుమానించాల్సింది టిక్ ఫీవర్. గోమార్లు, పిడుదులు, మీ ఊళ్లో ఏమంటారో గానీ, వాటి ద్వారా ఎర్లీకియా, బబీసియా అనే సూక్ష్మజీవులు రక్తంలోకి చేరతాయి. గేటు చప్పుడైతే పరిగెత్తే కుక్క మూలన పడుకుని తల మాత్రం ఎత్తి చూస్తుంది. జ్వరం, చిగుళ్లు పాలిపోవడం, ఒక్కోసారి ముక్కులోంచి రక్తం, బబీసియా అయితే మూత్రం టీ డికాక్షన్ రంగులో. "మా కుక్కకి ఒక్క గోమారీ లేదండీ" అని డాక్టర్లతో వాదించేవాళ్లు చాలామంది. కుట్టిన గోమారి రక్తం తాగి రాలిపోయి ఉంటుంది, జబ్బు బయటపడేది ఒకటి నుంచి మూడు వారాలకి, ఒక్కోసారి నెలల తర్వాత.

దీనికి రక్తపరీక్ష చేయించాల్సిందే. ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయో చూడాలి, రక్తపు చుక్కని మైక్రోస్కోప్ కింద పరీక్షించాలి. ఎర్లీకియాకి మామూలుగా ఇచ్చేది డాక్సీసైక్లిన్, 28 రోజులు. బబీసియాకి మందు వేరు, అందులోనూ రకాన్ని బట్టి మారుతుంది, కాబట్టి పక్కింటి కుక్కకి రాసిన చీటీ పట్టుకుని మెడికల్ షాపుకి వెళ్లొద్దు. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన మూడో రోజుకే చాలా కుక్కలు తినడం మొదలెడతాయి. "తగ్గిపోయింది కదా" అని అక్కడ ఆపేసిన ఇళ్లలోనే రెండు నెలలకి జబ్బు మళ్లీ తిరగబెడుతుంది.

గోమార్ల సంగతికొస్తే, మీ యుద్ధం కుక్క ఒంటి మీద సగమే. కుక్కల మీద ఉండే ఈ గోధుమరంగు రకం గోడలెక్కుతుంది. ఆడది కడుపునిండా రక్తం తాగి కిందికి దిగి, తలుపు చట్రం వెనకో, గచ్చు పగుళ్లలోనో, సోఫా కుట్ల మధ్యో వేల గుడ్లు పెడుతుంది. షాంపూ పోసి అన్నీ రాలగొట్టాం అనుకున్న పది రోజులకే మళ్లీ ఎక్కేది అందుకే. కుక్కకి డాక్టర్ బరువు చూసి రాసిన నమిలే మాత్ర గానీ, మెడ వెనక వేసే చుక్కలు గానీ మానకుండా సమయానికి వేస్తూ, అదే రోజుల్లో గోడ పగుళ్లు పూడ్చి, పరుపు గుడ్డలు వేణ్నీళ్లలో ఉతకాలి. ఫిట్స్ వచ్చే కుక్క అయితే మాత్ర రాయించుకునేటప్పుడు ఆ మాట ముందే చెప్పండి. ఒంటి మీద కనబడినదాన్ని చర్మానికి ఆనించి పట్టకారుతో పట్టి తిన్నగా లాగేయండి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్ల అంటించడం, గోళ్లతో చిదమడం వద్దు. వెతకాల్సిన చోట్లు: చెవుల లోపల, పట్టీ కింద, తోక మొదట్లో, కాలివేళ్ల సందుల్లో. వేళ్ల సందులు చూడనివాళ్లే ఎక్కువ.

ఒక హెచ్చరిక. కుక్కల కోసం అమ్మే కొన్ని చుక్కల మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది. అది పిల్లికి విషం. ఒకే ఇంట్లో రెండూ ఉంటే డబ్బా మీద చదివి గానీ వేయకండి.

వాంతులు, విరేచనాలు

పెద్ద కుక్క ఒకసారి పచ్చటి పసరు కక్కి, గడ్డి కొరికి, మళ్లీ తోక ఊపుతూ తిరుగుతుంటే టెన్షన్ అక్కర్లేదు. ఆ పూటకి తిండి ఆపి, నీళ్లు కొంచెం కొంచెంగా ఇచ్చి, తర్వాత మెత్తగా ఉడికించిన అన్నంలో ఉప్పూ కారం లేని చికెన్ కలిపి పెట్టండి. నీళ్లు కూడా నిలవకపోతే, రక్తం కనబడితే, లేదా రోజు దాటినా తగ్గకపోతే డాక్టర్ చూడాలి.

ఆరు నెలల లోపు పిల్ల, టీకాలు పూర్తి కాలేదు, వాంతులతో పాటు ముక్కు మూసుకునేంత కంపు కొట్టే రక్తపు విరేచనాలు: ఇది పార్వో అనే వైరస్ జబ్బు అనుకునే కదలాలి. వైరస్‌ని చంపే మాత్రలేవీ లేవు. సెలైన్, వాంతులు ఆగే ఇంజెక్షన్లు, పేగుల్లోని బాక్టీరియా రక్తంలోకి పాకకుండా యాంటీబయాటిక్స్, వీటితో నిలబెట్టాలి. మొదటి రోజే తీసుకెళ్లిన పిల్లలు చాలా మటుకు బతుకుతాయి. "రేపు చూద్దాం" అంటే ఒంట్లో నీళ్లు పోయి చేతుల్లోనే పోతాయి.

టీకాలు వేయించాం కదా అంటారు. ఎన్ని డోసులు, ఎప్పుడు అన్నది ముఖ్యం. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నన్నాళ్లూ టీకా పట్టదు. ఆ రక్షణ ఏ పిల్లకి ఎప్పుడు తగ్గుతుందో బయటికి తెలియదు. అందుకే 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేస్తారు. రెండు డోసులతో ఆపేస్తే అసలు పట్టాల్సిన డోసు వేయించనట్టే. పార్వోతో కుక్క పోయిన ఇంట్లో వైరస్ నేలలో నెలల తరబడి ఉంటుంది. ఫినాయిల్‌కి చావదు. ఒక వంతు బ్లీచ్‌కి ముప్పై వంతుల నీళ్లు కలిపి గచ్చు మీద పది నిమిషాలు నిలవనిచ్చి కడగాలి. అన్నట్టు ఫినాయిల్ పిల్లులకి మంచిది కాదు, తుడిచిన నేల మీద నడిచి పాదాలు నాక్కుంటాయి.

వండిన ఎముకలు వద్దు. పచ్చి ఎముక కంటే వండిన ఎముక పెళుసు, సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. ఆదివారం మటన్ బొక్కలు వేసి సోమవారం ఆసుపత్రికి వచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. కూర మిగిలింది కదా అని కలిపేదాంట్లో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, అవి ఎర్రరక్తకణాలని చిదిమేస్తాయి. చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్ కూడా ఇవ్వకూడనివే.

పెద్ద జాతి కుక్క, గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ లాంటిది, తిన్న కాసేపటికి పొట్ట డోలులా ఉబ్బి, కక్కబోయి ఏమీ రాక అటూ ఇటూ తిరుగుతుంటే కడుపు మెలిపడి ఉండొచ్చు. దీనికి ఇంటి వైద్యం లేదు, గంటల్లో ఆపరేషన్ జరగాలి.

పిల్లి మాటిమాటికీ ఇసుక డబ్బాలోకి వెళ్తోంది

ఈ ఒక్క భాగం మగపిల్లి ఉన్నవాళ్లు రెండుసార్లు చదవండి. డబ్బాలో కూర్చుంటుంది, ముక్కుతుంది, లేస్తుంది, కింద నాక్కుంటుంది, మళ్లీ వెళ్తుంది. ఒక్కోసారి అరుస్తుంది. చూసేవాళ్లకి విరేచనం కావట్లేదనిపించి ఆముదం పోస్తారు. ఇసుక తవ్వి చూడండి. తడి ఉండలు లేకపోతే ఆగింది మూత్రం. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నన, స్ఫటికాలూ జిగురూ కలిసిన చిన్న ముద్ద చాలు, మూసుకుపోతుంది. మూత్రాశయం నిండి గట్టిపడుతుంది, రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగుతుంది. ఇదంతా ఒకటి రెండు రోజుల్లో జరిగిపోతుంది. పొట్ట నొక్కి చూడబోకండి, మూత్రాశయం పగలొచ్చు. అర్ధరాత్రయినా సరే తీసుకెళ్లి గొట్టం వేయించాలి.

ఆడపిల్లుల్లో ఇదే లక్షణం చాలాసార్లు మూత్రాశయం వాపు వల్ల, అంత అత్యవసరం కాదు గానీ వదిలేసేది కాదు. రెండింటికీ నివారణ ఒకటే: నీళ్లు. ఎండు గుళికలు మాత్రమే తినే పిల్లి తాగాల్సినంత తాగదు. తడి ఆహారం కలపండి, నీళ్ల గిన్నెలు రెండు మూడు చోట్ల, తిండి గిన్నెకి దూరంగా పెట్టండి. డబ్బాలు పిల్లుల లెక్క కంటే ఒకటి ఎక్కువ ఉండాలి. ఇంటికి కొత్తవాళ్లు వచ్చినా, సామాన్లు మార్చినా కొన్ని పిల్లులకి ఇది తిరగబెడుతుంది.

పిల్లి తినడం లేదు, చిక్కిపోతోంది

కుక్కకి చెప్పిన పావుగంట పట్టుదల పిల్లి దగ్గర వద్దు. బొద్దుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి కామెర్లు వస్తాయి. రెండో రోజుకే డాక్టర్ దగ్గర ఉండాలి.

పాలన్నం మీద పెరుగుతున్న పిల్లి మెల్లగా చిక్కితే తప్పు పాలన్నానిదే. పిల్లికి టారిన్ అనే పోషకం కావాలి, అది మాంసంలోనే దొరుకుతుంది. లేకపోతే కంటిచూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. అమ్మమ్మల కాలంలో పాలన్నం తిన్న పిల్లులు బాగానే ఉన్నాయి కదా అంటారా? అవి రాత్రంతా ధాన్యం కొట్లో ఎలుకలు పట్టుకు తినేవి. మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఎలుకలేవి? ఇంట్లో మాంసం వండనివాళ్లు పిల్లి కోసం తయారుచేసిన ఆహారం కొనుక్కోవాల్సిందే. కుక్కల గుళికలు వేసి సరిపెడితే కుదరదు. శాకాహారంతో కుక్కని జాగ్రత్తగా నెట్టుకురావచ్చు, పిల్లిని నెట్టుకురాలేం.

గోకుడు, బొచ్చు ఊడటం

మనుషుల సబ్బుతో వారం వారం స్నానం మానేయండి, సగం ఇళ్లలో అక్కడే తగ్గుతుంది. తోక మొదట్లో, వీపు కింది భాగంలో గోక్కుంటుంటే ఫ్లీ, అంటే బొచ్చులో గెంతుతూ రక్తం తాగే చిన్న పురుగు. నల్లటి పొడి దువ్వి తడి కాగితం మీద వేస్తే ఎర్రగా కరిగితే అది వాటి రెట్ట. మలం చుట్టూ బియ్యపుగింజల్లాంటివి కదులుతుంటే బద్దెపురుగులు, అవి ఎక్కువగా ఫ్లీని మింగడం వల్లే వస్తాయి, కాబట్టి రెండింటికీ మందు వేయాలి. గుండ్రంగా బొచ్చు పోయి అంచులు ఎర్రగా ఉంటే ఫంగస్, ఇంట్లో చిన్నపిల్లలకీ అంటుకుంటుంది. తల విదిలిస్తూ చెవి కంపు కొడుతుంటే చెవిలో కొబ్బరినూనె పోయొద్దు, కర్ణభేరి బాగుందో లేదో చూశాకే చుక్కలు వేయాలి.

ఎండలో ఒగురుస్తూ పడిపోయింది

పగ్, బుల్‌డాగ్, పర్షియన్ పిల్లి, అంటే మొహం నొక్కినట్టుండే జాతులన్నిటికీ మన ఏప్రిల్, మే నెలలు గండం. ఆగకుండా ఒగర్చడం, చిక్కటి చొంగ, ఎర్రబడిన చిగుళ్లు, తూలడం. ఆసుపత్రికి బయల్దేరే ముందే కుళాయి నీళ్లతో ఒళ్లంతా తడిపి ఫ్యాన్ పెట్టండి. తడి తువ్వాలు కప్పేసి వదలొద్దు, లోపలి వేడి పోదు. 103.5కి దిగాక తడపడం ఆపండి. లేచి తిరిగినా డాక్టర్‌కి చూపించాలి, లోపలి అవయవాల దెబ్బ మర్నాడు బయటపడుతుంది.

ఆడకుక్క నీళ్లు తెగ తాగుతోంది

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని కుక్క, హీట్ (ఎద) అయిపోయి నెలా రెండు నెలలైంది, డల్‌గా ఉంది, కింద చీములాంటిది కారుతోంది. గర్భసంచి చీము పట్టింది. ఏమీ కారకుండా లోపలే నిండేది ఇంకా ప్రమాదం. స్కాన్ తీయించి గర్భసంచి తీసేయించాలి. ముసలి కుక్క అయితే నీళ్ల దాహానికి షుగర్, కిడ్నీ పరీక్షలు కూడా.

మనిషిని కరిచింది లేదా గీరింది

పెంపుడు కుక్కయినా, వీధిదైనా, పిల్లి అయినా లెక్క ఒకటే. గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టొద్దు. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలెట్టాలి. కండకి వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో డోసులు. రక్తం వచ్చిన కాటుకి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ని వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా వేస్తారు, అడగండి. కుక్కని పది రోజులు గమనించమనేది నిజమే, కానీ అవి గడిచాక టీకా మొదలెడదామని కాదు. మీ జంతువుకి మూడు నెలలకి మొదటి రేబిస్ టీకా, తర్వాత ఏటా బూస్టర్.

మందుల డబ్బా

పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కడుపులో పుండ్లు పెట్టి కిడ్నీలని దెబ్బతీస్తాయి. పొరపాటున మింగితే మాత్రల షీట్ చేత్తో పట్టుకుని వెళ్లండి, ఎన్ని పోయాయో లెక్క తెలుస్తుంది. వాంతి, విరేచనం ఫోన్లో ఫొటో తీయండి, వింత దగ్గో ఫిట్స్‌లాంటిదో అయితే వీడియో తీయండి. ఆసుపత్రి బల్ల ఎక్కగానే చాలా జంతువులు బిగుసుకుపోయి ఏ లక్షణమూ చూపించవు.