రక్షణ ఉన్న డీవీడీకి అచ్చు నకలు: ఏ సాఫ్ట్‌వేర్ దేనికి పనికివస్తుంది

డీవీడీ నకలు తీసే సాఫ్ట్‌వేర్లలో చాలావరకు ‘ఉన్నది ఉన్నట్టు నకలు’ తీస్తామనే చెబుతాయి గానీ, ఆ మాటకు అవి తీసుకునే అర్థం ఒకటి కాదు. ఒకటి డిస్కులోని 2,048 బైట్ల చిన్న ముక్కలను (సెక్టార్లను) వరుసగా చదివి, డిస్కు మొత్తానికి ప్రతిరూపమైన ఒకే ఐఎస్ఓ ఫైలుగా దాస్తుంది. ఇంకొకటి చిత్రం, మెనూలు ఉండే వీడియో టీఎస్ ఫోల్డరులోని ఫైళ్లను మాత్రమే తెస్తుంది. మరొకటి చిత్రాన్ని మాత్రమే విడదీసి, మెనూలను వదిలేస్తుంది. మీకు కావలసింది వీటిలో ఏదో ముందుగా తేల్చుకోకపోతే, ఎంత మంచి సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా నిరాశ తప్పదు.

అసలు చిక్కు ఎక్కడుందో తెలిస్తే ఎంపిక సులువవుతుంది. వాణిజ్య డీవీడీలపై సాధారణంగా ఉండే సీఎస్ఎస్ అనే రక్షణ 40 బిట్ల తాళంచెవితో పనిచేస్తుంది. డిస్కు తాళంచెవులు లీడ్-ఇన్ అనే లోపలి భాగంలో ఉంటాయి. మామూలు ఖాళీ డిస్కుల్లో ఆ చోట మనం వాటిని రాయడానికి వీలుండదు. అందువల్ల సెక్టారు వెంట సెక్టారు పొల్లుపోకుండా కాపీ చేసి ఖాళీ డిస్కుపై రాసినా (దీన్నే కాల్చడం అంటారు), గందరగోళపరచిన దృశ్యమే వస్తుంది గానీ దాన్ని విప్పే తాళంచెవి వెంట రాదు. అలాంటి డిస్కును టీవీ పక్కన ఉండే ప్లేయరు ఆడించదు. అంటే, ఆచరణలో అచ్చు నకలు అంటే తాళం విప్పిన, అమరిక మాత్రం మారని నకలే.

తాళం విప్పడం దగ్గరే చట్టం అడ్డువస్తుంది. అమెరికాలో 1998 నాటి డిజిటల్ కాపీరైట్ చట్టం రక్షణను దాటడాన్నే నిషేధించింది. నకలు తీసే సాఫ్ట్‌వేర్ అమ్ముతున్న 321 స్టూడియోస్ అనే సంస్థను 2004లో అక్కడి న్యాయస్థానం ఆ అమ్మకాలు ఆపమంది. దేశాన్నిబట్టి నిబంధన మారుతుంది గనుక, కొన్న డిస్కు మీదే అయినా మీ చోట ఏది అనుమతమో చూసుకున్నాకే ముందుకు వెళ్ళాలి.

ఇక పోలిక. పాతకాలపు మార్గదర్శకాల్లో కనిపించే డీవీడీ డిక్రిప్టర్ అభివృద్ధి 2005లో ఆగిపోయింది. దాన్ని రాసిన వ్యక్తి తర్వాత తెచ్చిన ఇమ్‌గ్‌బర్న్ రక్షణను విప్పదు, కానీ ఐఎస్ఓను డిస్కుపై కాల్చి సరిచూడటంలో నేటికీ నమ్మదగినది. లినక్స్‌లో డీవీడీబ్యాకప్, వీఎల్‌సీ ప్లేయరు వాడే లిబ్‌డీవీడీసీఎస్ఎస్ అనే, తాళం విప్పే కోడు తోడుంటే, ఫోల్డరు మొత్తాన్ని మెనూలతో సహా తెస్తుంది. మేక్‌ఎంకేవీ చిత్రాన్నీ ధ్వనినీ మళ్ళీ కుదించకుండా ఎంకేవీ అనే వీడియో ఫైలులో పెడుతుంది గనుక నాణ్యత తగ్గదు, అయితే మెనూలు పోతాయి. హ్యాండ్‌బ్రేక్, డీవీడీ ష్రింక్ చిత్రాన్ని కుదిస్తాయి; అచ్చు నకలు కోరేవారికి ఆ రెండూ పనికిరావు, అది వాటి లోపం కాదు, వాటి పనే వేరు. గీతలు పడిన డిస్కులకు డీడీరెస్క్యూ మేలు: చదవగలిగిన భాగాలను ముందు తీసుకొని, మిగిలిన చోట్లను మ్యాప్ ఫైలులో గుర్తుంచుకొని తర్వాత మళ్ళీ ప్రయత్నిస్తుంది. తాళం విప్పడం మాత్రం దానికి రాదు.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. సోనీ ఆర్కాస్ వంటి రక్షణలు డిస్కులో కావాలనే చెడ్డ సెక్టార్లను పెడతాయి. ప్లేయరు ఆ చోటికి ఎన్నడూ వెళ్ళదు, కానీ మొదటి నుంచి చివరిదాకా వరుసగా చదివే సాఫ్ట్‌వేర్ అక్కడే చతికిలబడుతుంది. అలాంటి డిస్కుపై డీడీరెస్క్యూను రాత్రంతా నడపడం వృథా ప్రయాస. ఏ భాగం తర్వాత ఏది ఆడించాలో చెప్పే ఐఎఫ్ఓ ఫైళ్లలోని దారిని అనుసరించి నడిచే సాఫ్ట్‌వేర్ ఆ చోట్లను దాటిపోగలదు. నిజమైన గీతకూ, కావాలని పెట్టిన చెడుకూ తేడా సులువుగా తెలుస్తుంది: మరకలు తుడిచి, మరో డ్రైవులో పెట్టినా సరిగ్గా అదే సెక్టారు దగ్గర ఆగితే రెండోదే అయ్యుండే అవకాశం ఎక్కువ.

పని మొదలుపెట్టే ముందు ఖాళీ స్థలం చూసుకోండి: ఒక పొర డిస్కు 4.7 గిగాబైట్లు, రెండు పొరలది 8.5 గిగాబైట్లు. ఏ ప్రాంతపు డిస్కులు ఆడాలో నిర్ణయించే డ్రైవు ప్రాంతం కోడును సాధారణంగా 5 సార్లకు మించి మార్చలేరు గనుక దాన్ని సరదాకు మార్చవద్దు. నకలు వచ్చాక దాన్ని తెరిచి, మెనూ, ఉపశీర్షికలు, రెండో భాష ధ్వని, చివరి అధ్యాయం ఆడించి చూడండి. డిస్కును రెండోసారి చదివి, రెండు ఫైళ్ల ఎస్‌హెచ్ఏ-256 విలువలు (ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి సంఖ్యలు) ఒకటేనా అని పోల్చండి. తేడా వస్తే చదవడంలోనే లోపముంది, మూడోసారి నెమ్మదిగా చదివించాలి. రెండు పొరల డిస్కును కాల్చేటప్పుడు పొర మారే చోటు ఎక్కడ ఉండాలని ఇమ్‌గ్‌బర్న్ అడుగుతుంది. అసలు డిస్కులో ఉన్న చోటునే ఇస్తే పొర మారేటప్పుడు దృశ్యం ఆగే క్షణం కూడా అసలులాగే ఉంటుంది. కాల్చడం ముగియగానే సరిచూసే దశను ఎట్టి పరిస్థితుల్లోనూ దాటవేయవద్దు.