పల్లె కొట్టులో యూపీఐ: పెట్టించుకోవడం, మోసపోకుండా నడుపుకోవడం

ముందుగా డబ్బులు ఏ ఖాతాలో పడాలో తేల్చుకోండి. ఇంటి ఖర్చులూ డ్వాక్రా వాయిదాలూ తిరిగే ఖాతాలోనే అమ్మకం సొమ్మూ పడితే నెలాఖరుకు లెక్క తేలదు. కొట్టుకు విడిగా ఒక ఖాతా తెరిచి, రోజూ మీ చేతిలో ఉండే నంబరునే దానికి లింకు చేయించండి.

తర్వాత ఫోన్‌పే, పేటీఎం, భారత్‌పే లాంటి వాటిలో ఏదో ఒకదాని వ్యాపారుల యాప్‌లో వివరాలిచ్చి క్యూఆర్ తీసుకోండి. అతికించగానే ఇంట్లోవాళ్ల ఫోన్ నుంచి ఒక్క రూపాయి కొట్టించండి. స్కాన్ చేసినప్పుడు మీ పేరో కొట్టు పేరో కనిపించాలి, రూపాయి మీ ఖాతాలో పడాలి. రోజూ కొట్టు తీయగానే స్టిక్కరు అంచు గోరుతో గీకి చూడండి. రాత్రిపూట మీ క్యూఆర్ మీద తమది అంటించిపోయేవాళ్లున్నారు. గల్లాపెట్టె పక్కన, లోపలే పెట్టుకుంటే ఈ బెడద తక్కువ, ఎండకు వెలిసిపోదు కూడా.

డబ్బు పడగానే ఎంత వచ్చిందో పలికే సౌండ్‌బాక్సు తీసుకుంటే నెలకు అద్దె ఎంత, వద్దనుకుంటే ఎలా ఆపాలి అని ముందే అడగండి. అందులో సిమ్ ఉంటుంది కాబట్టి సిగ్నల్ అందే చోటే పెట్టాలి. బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐ డబ్బుకు 2020 జనవరి నుంచి వ్యాపారి దగ్గర కోసుకునే ఎండీఆర్ అనే కమీషన్ లేదు. అందుకని గిరాకీ దగ్గర అదనంగా రూపాయి, రెండు రూపాయలు అడగడం న్యాయం కాదు.

అసలు జాగ్రత్త సాయంత్రం రద్దీలో. అవతలివాళ్ల ఫోన్‌లో పచ్చ టిక్కు చూసి సరుకు ఇవ్వకండి, అలాంటి తెర చూపించే నకిలీ యాప్‌లున్నాయి. బాక్సు పలకాలి, లేదా మీ యాప్‌లో పడాలి. తెలిసినవాళ్ల ఖాతాలోంచి డబ్బు కట్ అయి మీకు రాకపోతే, వాళ్ల యాప్‌లో ఆ చెల్లింపుకు ఉండే 12 అంకెల గుర్తింపు నంబరు (యూటీఆర్), ఎంత డబ్బో రాసుకుని సరుకు అరువు పద్దులో వేయండి. అలాంటివి చాలావరకు మీకు చేరడమో, వాళ్లకు వెనక్కి వెళ్లడమో జరుగుతుంది. రెండోసారి కట్టించుకుంటే తర్వాత తగాదా.

డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నారంటే మీ ఖాతాలోంచి పోతున్నట్టే.

కొత్తవాళ్లు వచ్చి "పది వేలు ఫోన్‌పే చేస్తా, నగదు ఇవ్వండి" అంటే కమీషన్ ఇస్తామన్నా ఒప్పుకోకండి. అది మోసపు సొమ్మైతే ఎక్కడో ఎవరో ఫిర్యాదు చేస్తారు, బ్యాంకు మీ ఖాతా ఆపేస్తుంది, సరుకు తెచ్చుకునే డబ్బూ అందులోనే ఇరుక్కుంటుంది. ఎవరైనా మోసం చేసి మీ డబ్బు లాగేస్తే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే 1930కి ఫోన్ చేసి, యూటీఆర్ నంబరు చెప్పండి.