కాండం ఎక్కడుంది? మొక్కను చేతిలోకి తీసుకుని తేల్చుకోవడం ఎలా

నిలబడి ఉంటే కాండం, మట్టిలో ఉంటే వేరు అనుకుంటే చాలా మొక్కల దగ్గర తప్పులో కాలేస్తాం. చూడాల్సింది కణుపు. ఆకు పుట్టే చోటు కణుపు. ఆకు కాండాన్ని అంటుకునే పైసందులో ఉండేది గ్రీవపు మొగ్గ. ఇవి వరసగా కనబడితే, మట్టిలో పాతుకుని ఉన్నా అది కాండమే.

ముందు ఒక బంగాళాదుంప తీసుకోండి. ప్రతి కన్నుకీ ఒక పక్కన కనుబొమలా సన్నటి గీత ఉంటుంది. అది పొలుసాకు రాలిన మచ్చ. గుంటలో ఉన్నవి మొగ్గలు. ఒక్కో కంటిలో గుండుసూది గుచ్చి, తల్లిమొక్కకు అంటుకున్న చివర నుంచి సూది తర్వాత సూదికి దారం చుట్టండి. దారం మెలి తిరుగుతూ పైకి పోతుంది, రెండో చివరికి వచ్చేసరికి కళ్లు దగ్గరదగ్గరగా చేరతాయి. కొమ్మ మీద ఆకులు పుట్టే వరసే ఇది. చిలగడదుంపకు ఇదే చేయబోతే సూది ఎక్కడ గుచ్చాలో తెలియదు, ఎందుకంటే అది వేరు. అదీ మొలకలు వేస్తుంది కానీ అవి కణుపుల నుంచి రావు, ఆ మెలి వరసా ఉండదు. మొలకెత్తింది కాబట్టి కాండం అనుకోవడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు.

ఉల్లిగడ్డను నిలువునా రెండుగా కోస్తే అడుగున గట్టి బిళ్ల కనబడుతుంది. కాండమంతా అంతే. కింద వేళ్లు, పైన పొరలు. ఆ పొరలు ఆకుల అడుగుభాగాలు. అరటిది ఇంకా పెద్ద మోసం: బోదె అంటే ఒకదానిలో ఒకటి ఇమిడిన ఆకు తొడుగులే. అసలు కాండం భూమిలోని దుంప. పూత సమయంలో అది బోదె నడుమ నుంచి పైకి సాగుతుంది, మనం దవ్వ అనేది దాన్నే.

నాటేవాళ్లకు ఈ తేడా బాగా అక్కరకొస్తుంది. కరివేపాకు రెబ్బను నీళ్లలో పెట్టి కొత్త చిగురు కోసం ఎదురుచూసేవాళ్లు చాలామంది. ఆ రెబ్బ మొత్తం ఒకే ఆకు. చిన్న ఆకుల మొదట్లో మొగ్గలు వెతకండి, ఒక్కటీ ఉండదు. మొగ్గ రెబ్బ మొదట్లో, కొమ్మను అంటుకునే సందులో ఉంటుంది. కాబట్టి నాటాల్సింది కొమ్మ ముక్క, కనీసం రెండు మూడు కణుపులతో. బంగాళాదుంపను కోసి నాటితే ముక్క 30–40 గ్రాములుండాలి, ఒకటి రెండు కళ్లుండాలి. కోత ఆరకముందే తడిమట్టిలో పెడితే కుళ్లుతుంది.

లోపలి అమరిక చూడాలంటే పొద్దుతిరుగుడు లేత కొమ్మ, మొక్కజొన్న లేత కాండం ఆకులతో సహా తీసుకోండి. ఆకులు తీసేస్తే నీరు పైకి లాగే శక్తి పోతుంది, ప్రయోగం చెడుతుంది. అర గ్లాసు నీళ్లలో అర చెంచా ఎరుపు తినే రంగు కలపండి. కాండం అడుగును నీళ్లలో ముంచి, ఆ నీళ్లలోనే పదునైన బ్లేడుతో రెండు సెంటీమీటర్లు కోసి రంగునీళ్లలోకి మార్చండి. గాలిలో కోస్తే బుడగ చేరి నాళాలు మూసుకుంటాయి. వెలుతురు, గాలి ఉన్న చోట కొన్ని గంటలు ఉంచి అడ్డంగా పలుచగా కోస్తే పొద్దుతిరుగుడులో ఎర్రచుక్కలు వలయంగా, మొక్కజొన్నలో చెల్లాచెదురుగా కనబడతాయి.

ఇక కాండం లేదనిపించే మొక్కలు. ముల్లంగి, క్యారట్ ఆకులన్నీ నేలకు ఆనుకుని ఒకే చోట నుంచి వస్తాయి. కణుపులు ఉన్నాయి, వాటి మధ్య దూరమే లేదు. పెరిగే కొన నేలమట్టంలో ఉంటే పశువులు మేసినా, మంచు పడినా బతికి మళ్లీ ఆకు వేయొచ్చు. పూతకొచ్చేటప్పుడు జిబ్బరెల్లిన్ హార్మోన్ పనిచేసి కణుపుల మధ్య భాగం సాగుతుంది, పూలకాడ లేస్తుంది. స్ట్రాబెర్రీ నాటేవాళ్లు ఆకుల మొదట్లో ఉన్న ఆ పొట్టి కాండాన్ని మట్టితో కప్పకూడదు. కప్పితే కొన మొగ్గ కుళ్లుతుంది.

నిజంగానే కాండం లేనివీ ఉన్నాయి. తడిగోడల మీది మాస్‌లో కాండంలా కనిపించే భాగంలో చెక్కగట్టిన నాళాలు ఉండవు, అందుకే చాలావరకు కొద్ది సెంటీమీటర్లు దాటదు. నీటిపై చిన్న పచ్చటి బిళ్లల్లా తేలే లెమ్నా అనే మొక్కకు ఎత్తు పెరగాల్సిన పనే లేదు: నీరు, ఖనిజాలు ఒంటికి తగులుతూనే ఉంటాయి, బరువు నీరే మోస్తుంది. దాన్ని లెన్స్ కింద తిప్పి చూడండి. ఒకే ఒక వేరు వేలాడుతుంటుంది. అంచున చిన్న సంచిలోంచి పిల్లబిళ్ల తోసుకొస్తుంటుంది, కణుపు ఎక్కడా కనబడదు.