ధరల మాటలు విప్పుదాం - పాఠం 4: పిరం, మామూలు, మోత

పోయినసారి హోంవర్క్ ఇచ్చిన మాట "ఖరీదు", దాంతోనే మొదలెడదాం. ఫార్సీలో ఖరీద్ అంటే కొనడం, హిందీవాళ్ల ఖరీద్‌నా ఇప్పటికీ కొనడమే. మన దగ్గరికొచ్చేసరికి కొనడం పోయి కొనడానికి పెట్టే డబ్బు అయింది, అక్కడితో ఆగిందా, "అబ్బో, అది ఖరీదండీ" అంటే ఏకంగా ఎక్కువ ధర అనే అర్థం కూడా ఇచ్చేస్తోంది. అదే "వెల" చూడండి, అది మన ఇంటి మాట, తమిళంలో విలై, కన్నడలో బెలె. మాట పుట్టుక పట్టాలంటే ముందు చేయాల్సిన పని ఇదే, పక్క భాషల తలుపు తట్టి అక్కడ ఏ అర్థంలో వాడుతున్నారో అడగడం.

ఈసారి మాట "పిరం". నేను కోస్తా నుంచి హైదరాబాద్ వచ్చిన కొత్తలో కూరగాయల బండి దగ్గర ఒకావిడ "టమాట పిరమున్నది బిడ్డా, దొండకాయ అగ్గువ, గదే కొంటవో" అంది. నా చెవికి అగ్గువ కాస్తా ఎక్కువలా వినపడింది, పిరం సంగతి అసలు తెలీదు, దొండకాయ రేటు ఎక్కువేమో అనుకుని దర్జాగా రెండు కిలోల టమాటా తూయించా. డబ్బులిచ్చేటప్పుడు ఆవిడ నా మొహం చూసి నవ్విన నవ్వు ఇప్పటికీ గుర్తే. అగ్గువ అంటే చవక, కన్నడలో కూడా అగ్గ అంటే అదే. పిరం అంటే ప్రియం, సంస్కృతం ప్రియమే నలిగి నలిగి అలా అయింది. ఇష్టమైనది అనే మాటకి ఖరీదైనది అనే అర్థం ఎలా వచ్చిందంటారా, ఇంగ్లీషులో డియర్ కూడా సరిగ్గా ఇంతే, ఉత్తరంలో రాస్తే ప్రియమైన, కొట్లో అంటే రేటెక్కువ. ఆ డియర్ నుంచే డెర్త్ అనే మాట పుట్టింది, మొదట్లో ధర ఎక్కువవడం, తర్వాత కరువు. ఇప్పుడు మన ఉద్యోగుల డీఏ గుర్తు తెచ్చుకోండి, డియర్‌నెస్ అలవెన్స్‌ని తెలుగులో ఏమంటాం? కరువు భత్యం! వానలు బాగా పడ్డ ఏడాది కూడా కరువు భత్యమే. ధర పెరగడం, సరుకు దొరక్కపోవడం జనానికి ఒకటే బాధ, అందుకే మాటలు కూడా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దూరిపోతుంటాయి.

ఇక నాకు బాగా నచ్చిన జంట, రుసుము, మామూలు. ఆఫీసులో రసీదు ఇచ్చి తీసుకునేది రుసుము, రసీదు లేకుండా టేబుల్ కింద తీసుకునేది మామూలు. రెండూ అరబ్బీవే. రస్మ్ అంటే ఆచారం, దాని బహువచనం రుసూమ్. మామూల్ అంటే అలవాటుగా జరిగేది, మనం "పథకం అమలు" అంటామే ఆ అమలుకి ఇది స్వయానా తోబుట్టువు. అంటే పుట్టుకలో రెండింటి అర్థం దాదాపు ఒకటే, "ఎప్పట్నుంచో ఇస్తున్నారు కాబట్టి నువ్వూ ఇవ్వు" అని. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ కూడా అంతే, కస్టమ్ అంటే ఆచారమే కదా! మూడు వేరే వేరే మాటలు, అడిగే పద్ధతి మాత్రం ఒకటే.

ఇప్పుడు కరెంటు బిల్లు తీయండి, ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంటుంది చూడండి. ఛార్జీ అనే మాట లాటిన్‌లో బండికి బరువెత్తడం అనే మాట నుంచి వచ్చింది, కారు, కార్గో కూడా ఆ బండి తాలూకే. ఫోన్ ఛార్జింగ్ పెట్టడం కూడా ఒకరకంగా లోడ్ ఎత్తడమే. మన పేపర్లో "కరెంటు ఛార్జీల మోత" అని హెడ్డింగ్ పెట్టేవాళ్లు లాటిన్ చూసి పెట్టరు గానీ భలే కుదిరింది, ఎందుకంటే మోత మోగు నుంచీ వస్తుంది, మోయు నుంచీ వస్తుంది, చెవికీ దెబ్బే, నడుముకీ దెబ్బే. బిల్లులో ఇంకో లైను సర్దుబాటు ఛార్జీ. ఎవరు సర్దుకోవాలో అందులో రాయరు, బిల్లు కట్టేవాడికి అర్థమవుద్ది. ఆ కిందే విద్యుత్ సుంకం. సంస్కృతం శుల్కం తెలుగులో సుంకం, తమిళంలో సుంగం అయింది. రాజమహేంద్రవరం రాజరాజనరేంద్రుడి కొడుకు కులోత్తుంగుడు 1070లో చోళ గద్దెనెక్కి సుంకాలు ఎత్తేశాడని ఆయనకి "సుంగం తవిర్త" అని బిరుదు, అంటే సుంకం మాన్పించినవాడు. సుంకం తీసేస్తే శాసనాల్లో బిరుదుగా చెక్కించుకునేంత పెద్ద విషయమన్నమాట.

చివరగా ద్రవ్యోల్బణం, అంటే ధరలు పెరుగుతూ పోవడం, ఈ మాట చూడగానే పేజీ తిప్పేసేవాళ్లు చాలామంది, నేనూ అంతే ఒకప్పుడు. విడదీస్తే ద్రవ్యం, ఉల్బణం, గుణసంధి. ఉల్బణం అంటే మితిమీరడం. మాటలో ధర అనేదే లేదు గమనించారా, మితిమీరింది డబ్బు అంటోంది. ఇక్కడో చిక్కుంది. "ద్రవ్యోల్బణం తగ్గింది" అని టీవీలో వస్తే మా ఇంట్లో "మరి నూనె రేటు తగ్గలేదేం" అంటారు. 100 రూపాయల సరుకు ఏడాదికి 110 అయితే 10 శాతం, ఆ మరుసటేడు 115.50 అయితే 5 శాతం. శాతం సగానికి పడింది, జేబులోంచి మాత్రం అయిదున్నర ఎక్కువ పోయింది. తగ్గింది పెరిగే స్పీడు, ధర కాదు. రిజర్వ్ బ్యాంక్ పెట్టుకున్న లెక్క కూడా 4 శాతం, అటూ ఇటూ 2, అంటే సున్నా వాళ్లు కూడా కోరుకోవట్లేదు.

హోంవర్క్. "వసూలు" అరబ్బీ మాట, అసలు అర్థం డబ్బుకి సంబంధించింది కాదు, "ఎక్కడికో చేరడం" అనే హింట్‌తో ఆలోచించండి. రెండోది, బంగారం ధర కొండెక్కిందంటే పెరిగిందని, దీపం కొండెక్కిందంటే ఆరిపోయిందని. ఒకే కొండ, రెండు అర్థాలు, ఎందుకో మీ ఇంట్లో పెద్దవాళ్లనడిగి రాసుకురండి, పాఠం 5 అక్కణ్ణుంచే.