కష్టాల్లో ఉన్న బ్యాంకు షేరును షార్ట్ చేసే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

2020 మార్చి 14, శనివారం. డిసెంబర్ త్రైమాసికంలో 18,564 కోట్ల నష్టం వచ్చిందని యెస్ బ్యాంక్ ప్రకటించింది. స్థూల మొండి బాకీలు 18.87 శాతం, నష్టాలను తట్టుకునే సొంత మూలధనం (సీఈటీ1) 0.6 శాతం. సోమవారం ఆ షేరు 45 శాతం పెరిగింది, మంగళవారం మరో 50 శాతానికి పైగా. బుధవారం ఒక దశలో 80 రూపాయలు దాటింది. బ్యాంకు కుదేలైందన్న షార్టర్ల (ధర పడుతుందని ముందే అమ్మి, తర్వాత చవగ్గా కొనాలనుకునేవాళ్ల) అంచనా అక్షరాలా నిజమే, అయినా చేతులు కాల్చుకున్నది వాళ్లే.

కారణం 13న నోటిఫై అయిన, బ్యాంకును నిలబెట్టే పునర్నిర్మాణ పథకంలో ఉంది. 100కు మించి షేర్లున్న పాత వాటాదారుల వాటాలో 75 శాతాన్ని మూడేళ్లు అమ్మకుండా లాకిన్‌లో పెట్టారు. 6న వచ్చిన ఆర్‌బీఐ ముసాయిదాలో ఈ షరతు లేదు. దాంతో మార్కెట్లో అమ్మడానికి సరుకే లేకుండా పోయింది. చేతిలో షేర్లుంచుకుని ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే ఒప్పందాలు) అమ్మినవాళ్లకు షేర్లు తాళంలో పడ్డాయి, ఫ్యూచర్స్ షార్ట్ మాత్రం అలాగే మిగిలింది. స్టాక్ ఫ్యూచర్స్‌కు ఎక్స్‌పైరీలో, అంటే ఒప్పందం గడువు తీరినప్పుడు, షేర్లు డెలివరీ ఇవ్వాలి కాబట్టి వాళ్లంతా ఏ ధరకైనా తిరిగి కొనక తప్పలేదు. అందుకే ఇలాంటి షేరులో బ్యాలెన్స్ షీటుకన్నా ముందు చూడాల్సింది ఒకటుంది: అమ్మగలిగే షేర్లు ఎన్ని, వాటిని రేపు ఎవరు ఆపగలరు?

రెండో ప్రశ్న, ఏ దారిలో షార్ట్ చేస్తారు? నగదు మార్కెట్లో రిటైల్ మదుపరికి మిగిలేది దాదాపు ఇంట్రాడేనే. పొద్దున అమ్మినది మార్కెట్ మూసేలోపు కొనేయాలి. షేరు అప్పర్ సర్క్యూట్‌లో (ఆ రోజు పెరగగల గరిష్ఠ పరిమితి దగ్గర) ఇరుక్కుంటే అమ్మేవాళ్లు ఉండరు, మీరు ఇవ్వాల్సిన షేర్లు ఇవ్వలేక పొజిషన్ షార్ట్ డెలివరీగా మారి ఆక్షన్‌కు, అంటే వేలానికి వెళ్తుంది. అక్కడా షేర్లు దొరక్కపోతే క్లోజౌట్ చేస్తారు, అంటే షేర్ల బదులు డబ్బుతో లెక్క తేలుస్తారు. ట్రేడ్ రోజు నుంచి ఆక్షన్ రోజు వరకు నమోదైన గరిష్ఠ ధర, ఆక్షన్ రోజు ముగింపుపై 20 శాతం అదనం, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే అది మీ నెత్తిన పడుతుంది. ప్రతి ట్రేడుకూ డెలివరీ తప్పనిసరైన ట్రేడ్ టు ట్రేడ్ విభాగంలోకి మారిన షేరులో ఇంట్రాడే షార్ట్ ఆలోచనే వద్దు. షేర్లు అరువు తెచ్చుకునే ఎస్‌ఎల్‌బీ వేదిక 2008 నుంచి ఉంది, కానీ సంక్షోభం వచ్చాక అరువిచ్చేవాళ్లు దొరకడం కష్టం.

ఇక ఫ్యూచర్స్, ఆప్షన్స్ (ఎఫ్ అండ్ ఓ). ఎఫ్ అండ్ ఓలో ఉన్న షేర్లకు స్థిరమైన సర్క్యూట్ ఉండదు, ధర కదిలేకొద్దీ బ్యాండ్ సడలుతుంది. 2020 మార్చి 5న ఎస్‌బీఐ వస్తోందన్న వార్తతో యెస్ బ్యాంక్ 25 శాతానికి పైగా పెరిగి 37 రూపాయల దగ్గర ముగిసింది. సాయంత్రం డిపాజిటర్ల విత్‌డ్రాయల్స్‌కు పరిమితి పెట్టే మారటోరియం ప్రకటన వచ్చింది. మర్నాడు 6 రూపాయల కిందకు జారి, మళ్లీ లేచి 16 పైన ముగిసింది. ఈ రెండు రోజుల్లో ఏ స్టాప్‌లాస్ (ఒక ధర తాకగానే పొజిషన్ మూసే ఆర్డర్) ఎవరిని కాపాడి ఉండేదో ఆలోచించండి. 42 దగ్గర స్టాప్ పెట్టుకున్నా షేరు 50 దగ్గర తెరుచుకుంటే మీకు దొరికేది 50. లిమిట్ పెట్టిన స్టాప్ ఆర్డరైతే అసలు అమలు కాకపోవచ్చు.

కాబట్టి పొజిషన్ సైజును స్టాప్ దూరంతో కాదు, గ్యాప్ దూరంతో, అంటే రాత్రికి రాత్రి ధర ఎంత ఎగరగలదో దాంతో లెక్కించండి. ఉదాహరణకు 5 లక్షల పెట్టుబడి, ఒక ట్రేడులో ఒప్పుకునే నష్టం 2 శాతం, అంటే 10,000. షేరు 40, లాట్ (ఒక ఒప్పందంలోని షేర్లు) 3,000 అనుకుందాం. రాత్రికి రాత్రి 60 శాతం లేస్తే ఫ్యూచర్స్ షార్ట్‌లో నష్టం 72,000. ఈ ఖాతాకు ఆ లాట్ పనికిరాదు, అంతే. దాని బదులు 40 పుట్ (షేరును 40కి అమ్మే హక్కు) 5కు కొని, 30 పుట్ 2కు అమ్మితే నికర ఖర్చు 9,000, గరిష్ఠ లాభం 21,000. 40 పుట్ ఒక్కటే కొంటే ధరల ఊగిసలాట (వోలటిలిటీ) చల్లారాక షేరు పడినా పుట్‌కు కట్టిన ప్రీమియం కరిగిపోతుంది, ఇలా ఒకటి కొని ఒకటి అమ్మే స్ప్రెడ్‌లో ఆ దెబ్బ తక్కువ. కానీ ఎక్స్‌పైరీ దాకా ఉంచకండి. షేరు 30, 40 మధ్య ముగిస్తే మీ పుట్‌కు 3,000 షేర్లు డెలివరీ ఇవ్వాలి, అవి మీ డీమ్యాట్‌లో లేకపోతే మళ్లీ ఆక్షనే. చివరి నాలుగు రోజుల్లో డెలివరీ మార్జిన్ కూడా పెరుగుతుంది. అంతకు ముందే రెండు కాళ్లూ స్క్వేర్ ఆఫ్ చేయండి. ముందుగా అమ్మిన పుట్‌ను కొని, తర్వాతే కొన్నదాన్ని అమ్మాలి.

రోజూ సాయంత్రం ఎక్స్‌చేంజ్ ఇచ్చే బ్యాన్ జాబితా చూడండి. ఓపెన్ ఇంట్రెస్ట్ (ఇంకా మూయని మొత్తం ఒప్పందాలు) ఆ షేరుకు పెట్టిన మార్కెట్ పరిమితిలో 95 శాతం దాటితే, అది 80కి దిగేదాకా ఉన్న పొజిషన్ తగ్గించుకోవడమే తప్ప పెంచుకోలేరు. ఈ నెల పొజిషన్ మూసి తర్వాతి నెలకు రోల్ చేద్దామనుకున్నవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

ఆర్‌బీఐ ముసాయిదా వచ్చిన రాత్రి దాన్ని పూర్తిగా చదవండి. పాత ఈక్విటీ మిగులుతుందా, రద్దవుతుందా అన్నది ఒక్క వాక్యంలో ఉంటుంది. 2020 నవంబర్‌లో లక్ష్మీ విలాస్ బ్యాంక్ ముసాయిదా మూలధనాన్ని పూర్తిగా రద్దు చేస్తామంది, వాటాదారులకు సున్నా మిగిలింది. యెస్ బ్యాంక్‌లో ఈక్విటీ ఉంది, ఎస్‌బీఐ 10 రూపాయలకు కొంది. ఈక్విటీ మిగిలే చోట సున్నా కోసం ఎదురుచూడటం అత్యాశ. ఒక్క రోజులో సగానికి పైగా పడితే కనీసం సగం పొజిషన్ కవర్ చేసేయండి. ముసాయిదాకూ తుది నోటిఫికేషన్‌కూ మధ్య ఓపెన్ షార్ట్ రాత్రిపూట ఉంచుకోకపోవడమే మేలు, లాకిన్ లాంటి షరతులు చొప్పించేది ఆ రోజుల్లోనే.

పన్ను దగ్గర రెండింటినీ కలపకండి. ఇంట్రాడే షార్ట్ స్పెక్యులేటివ్ వ్యాపారం, దాని నష్టాన్ని స్పెక్యులేటివ్ లాభంపైనే, 4 ఏళ్ల వరకు సర్దుకోవాలి. ఎఫ్ అండ్ ఓ నష్టం 8 ఏళ్లు ముందుకు వెళ్తుంది, రిటర్న్ గడువులోపు వేస్తేనే.