వేటకు బయల్దేరే ముందు: ఐసు పెట్టె విరగనీయకండి

జూన్ 14తో తూర్పు తీరంలో 61 రోజుల వేట నిషేధం ముగుస్తుంది. రేవుల్లో ఇంజన్లు బాగవుతున్నాయి, వలలు కుడుతున్నారు, థర్మాకోల్ ఐసు పెట్టెలు దిగుతున్నాయి. లైఫ్ జాకెట్ల గురించి, తుఫాను హెచ్చరికల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. నా గోలంతా ఆ పెట్టె గురించే.

2025 మే 25న కొచ్చి దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా 3 ఓడ మునిగితే ప్లాస్టిక్ గుళికలు తిరువనంతపురం ఒడ్డు దాకా కొట్టుకొచ్చాయి. ఇసుకను జల్లెడ పట్టి మరీ ఏరాల్సి వచ్చింది. అది ప్రమాదం. మనం పెట్టెలు విరగ్గొట్టి ఏటా చేతులారా చేస్తున్నదీ అదే.

పెట్టె పెట్టెగా ఉన్నంతసేపు ఒక్క కళాసీ దాన్ని చంకన పెట్టుకుని ఒడ్డుకు తేగలడు. విరిగిందా, లక్షల పూసలు. ఇక ఎవరి తరమూ కాదు.

ఆ పూసలు మునగవు, కుళ్లవు. ఎండకు పెళుసెక్కి ఇంకా చిన్నవవుతాయి. నీటి మీద చేపగుడ్లలా తేలుతుంటే పైపైన మేత ఏరుకునే పక్షులు ముక్కున పట్టేస్తాయి. నడిసముద్రంలో తిరిగే పెట్రెల్ జాతి పక్షుల పొట్టలో పడ్డ ప్లాస్టిక్ అంత తేలిగ్గా బయటికి రాదు. గూటికెళ్లి పిల్లల నోట్లో పెట్టేదీ అదే. కడుపు నిండినట్టే ఉంటుంది, ఒంటికి పట్టేది ఏమీ ఉండదు.

తాబేలుది ఇంకా ఘోరం. దాని గొంతులో లోపలివైపు తిరిగిన ముళ్లుంటాయి. మింగిన జెల్లీఫిష్ జారిపోకుండా ఆపేవి అవే. థర్మాకోల్ ముక్కనూ అవే ఆపుతాయి. పేగులో అడ్డుపడితే గ్యాసు నిండి తాబేలు తేలిపోతుంది. మునగలేదు, మేయలేదు, బోటు వస్తే తప్పుకోలేదు. ఒడ్డున చచ్చి పడే ఆలివ్ రిడ్లీల్లో ఎక్కువ వాటిని చంపేది బోటు వెనక ఈడ్చే ట్రాల్ వలే. ఆ తప్పు థర్మాకోల్ మీదికి నెట్టను. కానీ కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్ ఇసుకలోంచి బయటపడే తాబేలు పిల్లలు నీళ్లలోకి దిగితే ఎదురయ్యేవి ఈ పూసలే.

కొనేటప్పుడు: వీలైతే పైన గట్టి ప్లాస్టిక్ తొడుగున్న ఐసు పెట్టె కొనండి. ఖరీదెక్కువే, కానీ ఏళ్లు నిలుస్తుంది. థర్మాకోలే తప్పదంటే టార్పాలిన్‌తో చుట్టూ కుట్టించండి. మూల విరిగినా పూసలు గుడ్డ లోపలే ఉంటాయి.

బోటు మీద: పెట్టెలకు తాడు కట్టండి. ఖాళీ పెట్టె గాలికే ఎగిరిపోతుంది. విరిగిన ముక్కలకు ఒక గోనెసంచి ఉండాలి, దాని మూతి కట్టి ఉండాలి.

ఒడ్డున ఇసుక మీద పెట్టె కోయొద్దు. కోయక తప్పకపోతే గదిలో, పట్టా పరిచి కోయండి.

సంచిలో పట్టడం లేదని విరగ్గొట్టొద్దు. బీచ్ శుభ్రం చేయడానికొచ్చే పిల్లలూ ఇదే చేస్తున్నారు, వాళ్లకూ చెప్పండి. పెద్ద ముక్కను పెద్ద ముక్కగానే మోయండి.

కాల్చొద్దు. ఆ నల్లపొగ మీ పిల్లలే పీలుస్తారు.

ఇసుకలో పాతొద్దు. మొదటి పోటుకే పైకొస్తుంది.

పాత బెండ్లు, తెప్ప ముక్కలు గట్టున వదలొద్దు.

వినాయకుడి మండపానికి థర్మాకోల్ అలంకరణ వద్దు. 2022 జూలై 1 నుంచి అది నిషిద్ధం.

మునగలేక తేలుతున్న తాబేలు కనిపిస్తే నీళ్లలోకి తోయొద్దు. గొంతులోది లాగొద్దు. నీడన ఉంచి అటవీశాఖకు ఫోన్ చేయండి.

పెట్టె విరగనీయకండి. విరిగితే, ఆ ముక్క ఇంకా చేతికందేలా ఉండగానే బోటు తిప్పి తీసుకోండి.