ఇంటి పన్ను ఎక్కువ వేశారా? జీహెచ్‌ఎంసీకి అభ్యంతరం ఇలా పెట్టండి

మీ ఇంటికి ఇంత పన్ను వేస్తున్నామని జీహెచ్‌ఎంసీ పంపే స్పెషల్ నోటీసు రాగానే అందరి కళ్లూ కింద ఉన్న మొత్తం మీదికే పోతాయి. ముందు చూడాల్సింది తేదీ. అభ్యంతరం చెప్పుకోవడానికి నోటీసు అందినప్పటి నుంచి మామూలుగా పదిహేను రోజులే గడువు, ఆ తర్వాత మీ మాట ఎంత న్యాయమైనదైనా వినేవాళ్లు దొరకడం కష్టం. అందుకే నోటీసు మీద అందిన తేదీ రాసి వెంటనే ఫోటో తీసి పెట్టుకోండి. మీరు వేరేచోట ఉండి ఇల్లు అద్దెకిచ్చి ఉంటే, కార్పొరేషన్ కాగితం ఏదొచ్చినా అదే రోజు వాట్సాప్ చేయమని కిరాయిదారులకు ముందే చెప్పి ఉంచండి.

రెండో పని, లెక్క మీరే వేసుకోవడం. నివాస భవనాలకు జీహెచ్‌ఎంసీ పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ప్లింత్ ఏరియాని, అంటే కప్పు ఉన్న మొత్తం కట్టడం విస్తీర్ణాన్ని, మీ ప్రాంతానికి, మీ కట్టడం రకానికి నిర్ణయించిన చదరపు అడుగు నెల అద్దెతో హెచ్చించి, దాన్ని పన్నెండు నెలలకు లెక్కగట్టి, అందులో తరుగుదల తీసేస్తారు. తరుగుదల మామూలుగా 10 శాతం, ఇల్లు పాతబడే కొద్దీ పెరుగుతుంది. మిగిలినదాని మీద స్లాబును, అంటే నెల అద్దె ఏ శ్రేణిలో ఉందన్నదాన్ని, బట్టి పన్ను, ఆ పన్ను మీద 8 శాతం గ్రంథాలయ సెస్సు. లెక్కగట్టిన నెల అద్దె 300 రూపాయలు దాటితే 30 శాతం స్లాబే కాబట్టి చాలా ఇళ్లు అందులోకే వస్తాయి.

లెక్క తేలిగ్గా ఉండాలని చదరపు అడుగుకు రూపాయి అనుకుందాం. 1,000 చదరపు అడుగుల ఇంటికి ఏడాది అద్దె విలువ 12,000, తరుగుదల పోను 10,800, అందులో 30 శాతం 3,240, సెస్సుతో కలిపి దాదాపు 3,500. అదే ఇంటిని పొరపాటున 1,200 అడుగులని రాస్తే ఏటా ఇంకో 700 రూపాయలు పడుతుంది, ఎవరూ అడగకపోతే అది అలా ప్రతి ఏడూ వస్తూనే ఉంటుంది.

"పన్ను చాలా ఎక్కువగా ఉంది, దయచేసి తగ్గించగలరు" అని రాస్తే పని జరగదు. అధికారి దిద్దగలిగేది రికార్డులో ఉన్న తప్పునే, కాబట్టి ఆ తప్పేంటో మీరే వేలు పెట్టి చూపించాలి. ఎక్కువగా దొరికేది కొలతలో. ఒక ఆదివారం పొద్దున టేపు పట్టుకుని, రెండో చివర పట్టుకోవడానికి ఇంకొకరిని పిలుచుకుని, ఇల్లంతా గోడల బయటి నుంచి కొలవండి. బాల్కనీ, గ్యారేజీ లాంటి కప్పు ఉన్న భాగాలన్నీ ప్లింత్ ఏరియాలోకి వస్తాయి, వాటిని వదిలేసి కొలిచి "మా ఇల్లు చిన్నది" అంటే మీ అర్జీయే తేలిపోతుంది. మీ కొలతను మంజూరైన ప్లానుతో, సేల్ డీడ్‌తో, నోటీసులోని అంకెతో పక్కపక్కన పెట్టి ఒక కాగితం మీద రాయండి. ఆ ఒక్క కాగితం పది పేజీల అర్జీ కంటే బాగా పనిచేస్తుందని నా గట్టి నమ్మకం.

తర్వాత వాడకం చూడండి. కింద ఒక షట్టర్ ఉంటే పన్ను ఆ షట్టర్‌కే కమర్షియల్‌గా పడాలి, పైన మీరుంటున్న రెండు అంతస్తులకూ కాదు. మూసేసిన మడిగెను మళ్లీ గదిగా మార్చుకుని ఉంటున్నా రికార్డులో దుకాణంగానే ఉండిపోవచ్చు, అప్పుడు కరెంటు బిల్లు కేటగిరీ మంచి సాక్ష్యం. రేకుల గదిని స్లాబు కప్పు గదిగా రాశారేమో, ఒకే ఫ్లాటుకు రెండు పీటీఐఎన్‌లు (ఇంటి పన్ను గుర్తింపు నంబర్లు) పుట్టాయేమో కూడా చూడండి. ప్లాను దాటి కట్టారని పన్ను మీద 25 నుంచి 100 శాతం దాకా జరిమానా కలిపి ఉంటే, మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ మీ ఆయుధాలు. అపార్ట్‌మెంట్ అయితే ఇంకా తేలిక: మీ కింద అంతస్తులో అదే సైజు ఫ్లాటుకు ఎంత పడుతోందో వాళ్ల రసీదు అడిగి చూడండి. జీహెచ్‌ఎంసీ వెబ్‌సైట్‌లో కూడా పన్ను వివరాలు వెతుక్కోవచ్చు.

అర్జీ ఒక పేజీ దాటనక్కర్లేదు. పది అంకెల పీటీఐఎన్, ఇంటి నంబరు, నోటీసు నంబరు, తేదీ పైన రాసి, "నోటీసులో ప్లింత్ ఏరియా 1,200 చదరపు అడుగులుగా చూపారు. మంజూరైన ప్లాను ప్రకారం, నా కొలత ప్రకారం 1,000 మాత్రమే. నా సమక్షంలో మళ్లీ కొలిపించి పన్ను సవరించాలని, ఎక్కువ కట్టిన మొత్తాన్ని రాబోయే బిల్లులో సర్దుబాటు చేయాలని కోరుతున్నాను" అంటే చాలు. ఈ "నా సమక్షంలో" అన్న మాట మాత్రం మర్చిపోకండి. మీ ప్రాంతపు జీహెచ్‌ఎంసీ సర్కిల్ ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకున్నాకే కదలండి. అధికారులు తాము కొలిచిన షీటు చూపించకపోతే పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ పెట్టి అసెస్‌మెంట్ రికార్డు కాపీ అడగొచ్చు, కానీ దానికి 30 రోజులు పట్టొచ్చు కాబట్టి అర్జీ ముందు, ఆర్టీఐ తర్వాత. పన్ను బకాయిల సీజన్‌లో ఆదివారాలు ప్రాపర్టీ ట్యాక్స్ పరిష్కారం పేరుతో అధికారులు సర్కిల్ ఆఫీసుల్లో కూర్చుంటే అక్కడికీ వెళ్లండి. "నేను చూసుకుంటా సార్, ఎంతో కొంత ఇవ్వండి" అనేవాళ్ల దగ్గరికి మాత్రం పోకండి. డబ్బు అడిగితే ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) నంబరు 1064.

అర్జీ పెట్టాం కదా అని పన్ను ఆపేయకండి. బకాయి మీద నెలకు 2 శాతం పడుతుంది, గొడవ తేలేసరికి అది అసలును మింగేస్తుంది. అభ్యంతరంతోనే కడుతున్నానని ఒక లెటర్ ఇచ్చి కట్టేయండి. ఓటీఎస్ (బకాయిలు ఒకేసారి కడితే వడ్డీ తగ్గించే పథకం) వస్తుంది కదా అని ఆగడమూ దండగే, అది వడ్డీలో మాఫీ ఇస్తుందే తప్ప తప్పు కొలతను సరిచేయదు.

అర్జీ కొట్టేస్తే స్మాల్ కాజెస్ కోర్టులో అప్పీలు చేసుకోవచ్చు. దానికి కూడా గడువు పదిహేను రోజులే, పైగా అడిగిన పన్ను ముందు జమ చేయాలి. ఏడాదికి వందల్లో తేడా ఉంటే లాయర్ ఫీజుకే సరిపోదు. కమర్షియల్‌గా వేసి వేలల్లో అడుగుతుంటే మాత్రం వెనకాడకండి. మీకు అనుకూలంగా ఆర్డర్ వస్తే కాపీ తీసుకుని, కొన్నాళ్లాగి ఆన్‌లైన్‌లో మీ పీటీఐఎన్ కొట్టి చూడండి. అక్కడ అంకె మారకపోతే ఆర్డర్ కాపీతో మళ్లీ అదే సర్కిల్ ఆఫీసుకు వెళ్లి రికార్డులో ఎక్కించేదాకా అడగండి.